నగరం చుట్టూ నేల కుంగుతోందా? కొలిచి తేల్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మెక్సికో నగరం నడిబొడ్డున స్వాతంత్ర్య దేవత స్తంభం ఉంది. దాన్ని 1910లో లోతైన పైల్ పునాదుల (నేలలోకి దించిన పొడవాటి స్తంభాల) మీద నిలబెట్టారు. ఆ తర్వాత చుట్టూ ఉన్న నేల ఏటేటా దిగుతూ పోయింది, స్తంభం మాత్రం అంతగా దిగలేదు. దాంతో రోడ్డు నుంచి స్తంభం పీఠం ఎక్కడానికి కొత్తగా 14 మెట్లు కట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ స్తంభానికి ఒక జీపీఎస్ యాంటెన్నా, పక్కనే రోడ్డు మీద ఇంకొకటి బిగించామనుకోండి. రెండూ వేర్వేరు అంకెలు చూపిస్తాయి, రెండూ నిజమే చెబుతాయి. నేల కుంగుబాటు కొలిచేవాళ్లు మొదట అర్థం చేసుకోవాల్సింది ఇదే. "ఏడాదికి 20 మి.మీ. కుంగుతోంది" అనే మాటకు విడిగా అర్థం లేదు. దేనితో పోల్చి 20? ఏ లోతులో నలిగి 20? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేని మ్యాప్ ఎంత రంగురంగులుగా ఉన్నా అది సగం పనే. ఈ మార్గదర్శిలో ప్రతి దశా ఆ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

ఇది ఇంజినీరింగ్ విద్యార్థులకు, నగరపాలక సంస్థల్లో పనిచేసేవాళ్లకు, తమ ఊరి గురించి పట్టించుకునే పౌర బృందాలకు. ఒక మంచి కంప్యూటర్, ఇంటర్నెట్, ఓపిక ఉంటే ఏడో దశ దాకా సొంతంగానే రావచ్చు. ఆ పైన సర్వే పరికరాలు, బోర్లు ఉన్నవాళ్ల సాయం కావాలి.

1. ఎందుకు కుంగుతుందో ముందే అంచనా వేసుకోండి

పెద్ద నగరాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం భూగర్భజలాన్ని అతిగా తోడడం. దాని వెనకున్న లెక్క చాలా సులువు. పైనున్న మట్టి బరువును కింది పొరలో కొంత మట్టి రేణువులు మోస్తాయి, కొంత వాటి మధ్య ఖాళీల్లో ఉన్న నీటి ఒత్తిడి మోస్తుంది. బోర్లతో తోడి నీటి ఒత్తిడిని ఒక మీటరు నీటి ఎత్తు మేరకు తగ్గిస్తే, చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను బరువు నీటి నుంచి రేణువుల మీదికి మారుతుంది. మట్టం 20 మీటర్లు పడిపోతే 20 టన్నులు. పైన ఒక్క ఇటుక కూడా పెట్టకుండానే కింద భారం పెరిగిపోతుంది. ఈ సూత్రాన్ని 1920లలో కార్ల్ టెర్జాఘి స్పష్టంగా చెప్పాడు. ఇవాళ్టికీ లెక్కలన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

ఇసుక, కంకర పొరలు ఈ భారానికి కొద్దిగా నలిగి, నీళ్లు తిరిగొస్తే దాదాపు మునుపటి స్థితికి వస్తాయి. బంకమట్టి సంగతి వేరు. ఇంతకు ముందు ఎప్పుడూ మోయనంత బరువు మీద పడితే దాని రేణువుల అమరికే మారిపోతుంది. మళ్లీ నీళ్లు నింపినా అది లేవదు. ఇలా శాశ్వతంగా నలిగే గుణం, తిరిగి లేచే గుణం కంటే 20 నుంచి 100 రెట్లు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ ఉంటుంది. అంటే గత కాలపు అతి తక్కువ నీటిమట్టం ఎంత అన్నది చాలా విలువైన సమాచారం. ఆ గీత దాటేదాకా నేల చలికాలం, ఎండాకాలం కొద్దిగా పైకీ కిందికీ ఊగుతుంది. దాటాక కిందికే పోతుంది.

ఇంకో విషయం. బంకమట్టి లోంచి నీరు చాలా నెమ్మదిగా బయటికొస్తుంది. పొర మందం రెట్టింపైతే నలగడానికి పట్టే కాలం నాలుగు రెట్లు అవుతుంది. అందుకే బోర్లు ఆపేశాక కూడా కొన్నేళ్లు, కొన్నిచోట్ల దశాబ్దాల పాటు కుంగుబాటు సాగుతుంది. "నీటిమట్టం పెరిగింది కదా, ఇంకా ఎందుకు దిగుతోంది" అని అధికారులు అడిగే ప్రశ్నకు జవాబు ఇక్కడుంది.

మిగతా కారణాలనూ మర్చిపోకూడదు. పూడ్చిన చెరువుల మీద, సముద్రంలో మట్టి పోసి సంపాదించిన భూమి మీద కట్టిన కాలనీలు తమ బరువుకే దిగుతాయి. మొదట్లో వేగంగా దిగి, ఏడాదికేడాది తగ్గుతూ వస్తాయి. సొరంగం తవ్వితే దాని దారి వెంట ఒక పొడవాటి చార కనిపిస్తుంది. పాత గనుల మీద, ఎండబెట్టిన చిత్తడి నేలల్లో కుంగుబాటు మరో రకం. మామూలుగా కిలోమీటర్ల వెడల్పున పళ్లెంలా కనిపిస్తే భూగర్భజలాన్ని, రెండు మూడు వందల మీటర్ల ముక్క విడిగా కనిపిస్తే పూడిక మట్టిని ముందుగా అనుమానించాలి. ఉన్నట్టుండి రోడ్డు మీద పడే గుంతలు మాత్రం వేరే సమస్య. లీకైన పైపుల వల్లో, కింద సున్నపురాయి కరిగిపోవడం వల్లో పడే ఆ గుంతలను ఈ పద్ధతితో ముందే పట్టుకోవచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి.

2. పాత కాగితాలు తిరగేయండి, ఊరంతా నడవండి

కంప్యూటర్ తెరవక ముందే రెండు వారాలు ఈ పనికి కేటాయించండి. కావాల్సినవి ఇవి: భూగర్భ పొరల మ్యాపు, బోర్లు వేసినప్పుడు రాసిన పొరల వివరాలు, పరిశీలక బావుల నీటిమట్టాల రికార్డు, పాత సర్వే బెంచ్‌మార్క్‌ల (ఎత్తు కొలిచి గుర్తు పెట్టిన చోట్ల) ఎత్తులు, చెరువులు వాగులు ఉన్న యాభై అరవై ఏళ్ల నాటి మ్యాపులు. పొరల వివరాల్లో బంకమట్టి మొత్తం మందం ఎంతో ప్రతి బోరుకూ కూడి ఒక మ్యాపు గీయండి. తర్వాత ఉపగ్రహ మ్యాపు వచ్చినప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెడితే సగం కథ తెలిసిపోతుంది.

నడిచేటప్పుడు చూడాల్సిన గుర్తుల్లో నాకు అన్నిటికన్నా నమ్మకమైనది పాత లోతైన బోరు. దాని ఇనుప కేసింగ్ లోతు పొరలను పట్టుకుని ఉంటుంది కాబట్టి చుట్టూ నేల దిగినకొద్దీ పైపు పైకి లేచినట్టు కనిపిస్తుంది. దాని చుట్టూ పోసిన కాంక్రీటు దిమ్మె కింద ఖాళీ ఏర్పడుతుంది. అలాగే పైల్స్ మీద కట్టిన భవనానికీ, నేల మీద పరిచిన కాలిబాటకూ మధ్య పెరుగుతున్న మెట్టు. వంతెన చివర రోడ్డు కలిసేచోట మళ్లీ మళ్లీ తారు పోస్తున్న ఆనవాలు. వాలు తిరగబడి నీరు నిలిచిపోయే మురుగు కాలువలు. ప్రతి దానికీ తేదీతో, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి, జీపీఎస్ స్థానం రాసుకోండి.

గోడ పగుళ్లను మాత్రం రుజువుగా తీసుకోకండి. నల్లరేగడి లాంటి మట్టి వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని ఇళ్ల గోడలను చీలుస్తుంది. లోతు పొరలు నలగడానికీ దానికీ సంబంధం లేదు.

3. కదలని చోటును వెతకండి

పనిలో అతి ముఖ్యమైన నిర్ణయం ఇదే. చాలామంది దీన్ని సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తారు. ఉపగ్రహ పద్ధతిలోనూ, లెవెలింగ్‌లోనూ (పరికరంతో చోటు నుంచి చోటుకు ఎత్తుల తేడా కొలుస్తూ పోవడం) కొలిచేది రెండు చోట్ల మధ్య తేడానే. పోలిక కోసం ఎంచుకున్న చోటు ఏడాదికి 10 మి.మీ. దిగుతుంటే, అంతే దిగుతున్న ఊరంతా మ్యాపులో నిశ్చలంగా కనిపిస్తుంది, నిజంగా నిశ్చలంగా ఉన్న రాతి గుట్ట పైకి లేస్తున్నట్టు కనిపిస్తుంది.

పైకి తేలిన గట్టి రాయి దొరికితే అదే మేలు. దాని మీద పాత కట్టడం ఉంటే ఉపగ్రహంలోని రాడార్‌కు బాగా కనిపిస్తుంది కూడా. నగరం మొత్తం ఒండ్రు నేల మీదే ఉంటే, దగ్గర్లో ఏళ్ల తరబడి నడుస్తున్న జీఎన్‌ఎస్‌ఎస్ (జీపీఎస్ లాంటి ఉపగ్రహాలతో స్థానం కొలిచే) స్టేషన్‌కు ముడిపెట్టండి. ప్రపంచవ్యాప్తంగా వేల స్టేషన్ల రోజువారీ స్థానాలను నెవాడా జియోడెటిక్ ల్యాబొరేటరీ అందరికీ ఉచితంగా ఉంచుతోంది. ముందు అక్కడ చూడండి. అదీ లేకపోతే ఒకదానికొకటి దూరంగా ఉన్న మూడు చోట్లు ఎంచుకుని, ఒక్కోదాన్ని ఆధారంగా పెట్టి మూడుసార్లు మ్యాపు చేసి చూడండి. మూడింటిలో మిగతా రెండింటితో పొసగని చోటును పక్కన పెట్టేయవచ్చు. ఎంచుకున్న చోటు పేరు, అక్షాంశ రేఖాంశాలు, ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యం: ఇవి ప్రతి మ్యాపు కిందా ఉండాలి.

4. ఉపగ్రహ డేటా సమకూర్చుకోండి

రాడార్ ఉపగ్రహం ఒకే చోటును కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు చూసినప్పుడు, తిరిగొచ్చిన తరంగాల ఫేజ్‌లో (తరంగం తన చుట్టులో ఏ దశలో ఉందన్నది) తేడాను బట్టి దూరంలో మార్పును లెక్కగట్టే పద్ధతే ఇన్‌సార్. యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ సెంటినెల్-1 డేటా ఉచితం, కాబట్టి మొదలుపెట్టడానికి అదే సరైనది. మొదటి ఉపగ్రహం 2014 ఏప్రిల్‌లో, రెండోది 2016లో ఎగిరాయి. రెండోది 2021 డిసెంబరులో చెడిపోయింది. 2024 డిసెంబరులో మూడోదైన సెంటినెల్-1సి దాని స్థానంలోకి వెళ్లింది. ఒక్కో ఉపగ్రహం 12 రోజులకోసారి అదే దారిలో వస్తుంది. 2021 చివరి నుంచి కొన్నేళ్లు కొన్ని ప్రాంతాల్లో చిత్రాలు పలచబడ్డాయి. మీ టైమ్ సిరీస్‌లో (ఒక చోటు కదలికను తేదీల వారీగా చూపే వరుసలో) ఆ ఖాళీ కనిపిస్తే కంగారు పడకండి.

దీని తరంగదైర్ఘ్యం సుమారు 5.6 సెం.మీ. తరంగం వెళ్లి రావాలి కాబట్టి నేల 2.8 సెం.మీ. జరిగితే ఒక పూర్తి చుట్టు, అంటే ఇంటర్‌ఫెరోగ్రామ్‌లో (రెండు చిత్రాల ఫేజ్ తేడాను చూపే బొమ్మలో) ఒక రంగుల పట్టీ. భవనాలు, రోడ్లు ఉన్నచోట ఇది చక్కగా పనిచేస్తుంది. పంటలు, చెట్లు ఉన్నచోట రెండు చిత్రాల మధ్య పోలిక చెడిపోతుంది. నగరం అంచుల్లోని పొలాలే మీకు ముఖ్యమైతే సుమారు 24 సెం.మీ. తరంగంతో పనిచేసే ఎల్-బ్యాండ్ మేలు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఆ రకం రాడార్‌ను మోసుకెళ్లింది. నగర శివార్లు, వ్యవసాయ భూములు కలిసే చోట్లకు దాని డేటా ఎంతో అక్కరకొస్తుంది.

ఉత్తరం వైపు వెళ్తూ తీసిన ఆరోహణ చిత్రాలు, దక్షిణం వైపు వెళ్తూ తీసిన అవరోహణ చిత్రాలు రెండూ తీసుకోండి. కనీసం మూడేళ్ల డేటా ఉండాలి. ఏడాది డేటాతో చేసిన మ్యాపులో కాలానుగుణంగా ఊగడాన్ని, శాశ్వతంగా దిగడాన్ని విడదీయలేరు. ఒక వేసవిలో మొదలై మరో వానాకాలంలో ముగిసే డేటా అయితే అసలే వద్దు. మొదలు, ముగింపు ఒకే నెలలో ఉండేట్టు చూసుకోండి.

5. ప్రాసెసింగ్

రెండు దారులున్నాయి. మొదటిది, స్థిరంగా మెరిసే బిందువులను మాత్రమే పట్టుకుని వాటి చరిత్ర చదివే పర్సిస్టెంట్ స్కాటరర్ పద్ధతి. దట్టంగా కట్టిన నగరానికి, ఒక్కో భవనం స్థాయిలో చూడాలనుకుంటే ఇది బాగుంటుంది. రెండోది, తక్కువ కాలం తేడా ఉన్న చిత్రాల జంటలను కలిపి వలలా అల్లే స్మాల్ బేస్‌లైన్ పద్ధతి. మొత్తం నగర ప్రాంతాన్ని విశాలంగా చూడడానికి, కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను రెండోదే సిఫారసు చేస్తాను.

ఒక్కో సెంటినెల్ చిత్రం కొన్ని జీబీలు ఉంటుంది. అవన్నీ దించుకోవాలంటే సామాన్యులకు కష్టం. అందుకే అలాస్కా శాటిలైట్ ఫెసిలిటీ వారి హైప్‌3 సేవ వాడండి. జంటలను ఎంచుకుని పంపితే, నెలకు ఒక పరిమితి దాకా ఇంటర్‌ఫెరోగ్రామ్‌లు ఉచితంగా తయారుచేసి ఇస్తుంది. ప్రతి చిత్రాన్నీ దాని తర్వాతి మూడింటితో జతచేయండి. దాంతో ఆపకుండా మూడు నెలలు, ఏడాది తేడా ఉన్న జంటలు కొన్ని కలపండి. 12 రోజుల జంటలే వాడితే మొక్కలు, మట్టి తేమ వల్ల వచ్చే చిన్న పొరపాటు ప్రతిసారీ ఒకే దిక్కున పేరుకుని, లేని కుంగుబాటును చూపిస్తుంది. పొలాలున్న చోట ఈ మోసం ఎక్కువ.

తర్వాత మింట్‌పై అనే ఉచిత పైథాన్ ప్యాకేజీతో టైమ్ సిరీస్ తయారుచేయండి. వరుస ఇలా ఉంటుంది: మూడో దశలో ఎంచుకున్న చోటును రిఫరెన్స్‌గా ఇవ్వాలి (ఆటోమేటిక్‌గా వదలొద్దు), ఫేజ్ చుట్లు విప్పడంలో తప్పులు వెతకాలి, టైమ్ సిరీస్ సాధించాలి, వాతావరణ ప్రభావాన్ని ఈఆర్‌ఏ5 అనే వాతావరణ డేటాతో తీసేయాలి, ఎత్తుల మోడల్ తప్పిదాన్ని సరిదిద్దాలి, చివర్లో వేగం లెక్కించాలి. టెంపొరల్ కొహెరెన్స్ (ఆ బిందువు కొలత ఎంత నమ్మదగ్గదో చెప్పే అంకె) 0.7 కంటే తక్కువున్న బిందువులను ప్యాకేజీ మామూలుగానే వదిలేస్తుంది. మ్యాపులో ఖాళీలు ఎక్కువయ్యాయని ఆ హద్దును తగ్గించాలనిపిస్తుంది. తగ్గించకండి. తెలియనిచోటు ఖాళీగా ఉండడమే న్యాయం.

యూరప్ నగరాల వాళ్లకు ఈ శ్రమంతా అక్కర్లేదు. యూరోపియన్ గ్రౌండ్ మోషన్ సర్వీస్ తయారైన కొలతలనే అందిస్తోంది. నేర్చుకునేవాళ్లు ఎవరైనా ముందు అందులో ఒక నగరం తెరిచి, బిందువుల టైమ్ సిరీస్‌లు చూసి కళ్లను అలవాటు చేసుకోవడం మంచిది.

6. వచ్చిన మ్యాపును అనుమానించండి

మొదటి మ్యాపు రాగానే సంతోషం వేస్తుంది. ఎవరికీ పంపకుండా ఒక వారం దాన్ని తప్పు పట్టే పని పెట్టుకోండి.

గాలిలోని తేమ రాడార్ తరంగాన్ని ఆలస్యం చేస్తుంది. తేమలో 20 శాతం తేడా 10 సెం.మీ. దాకా తప్పు చూపించగలదని 1990లలోనే లెక్కగట్టారు. మీరు వెతుకుతున్నది మిల్లీమీటర్లు. ఎన్నో చిత్రాల సగటుతో ఇది తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. మ్యాపు కొండల ఆకారాన్ని అనుకరిస్తూ ఉంటే అది నేల కదలిక కాదు, గాలి ప్రభావమే అనుకోవాలి.

ఫేజ్ చుట్ల సమస్య ఇంకా గట్టిది. నిమిషాల ముల్లు మాత్రమే ఉన్న గడియారం చూసి ఎన్ని గంటలు గడిచాయో చెప్పమన్నట్టు ఉంటుంది. పక్కపక్క బిందువుల మధ్య, రెండు చిత్రాల నడుమ పావు తరంగం కంటే, అంటే 1.4 సెం.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే ఎన్ని చుట్లు తిరిగిందో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. 12 రోజుల చిత్రాలకు ఈ హద్దు ఏడాదికి సుమారు 42 సెం.మీ. అవుతుంది. మెక్సికో నగరంలో కొన్ని చోట్ల నేల ఏడాదికి దాదాపు 50 సెం.మీ. దిగుతోంది. అలాంటిచోట ఒక చిత్రం తప్పిపోయినా చాలు, లెక్క తారుమారై నిజంకన్నా తక్కువ కుంగుబాటు కనిపిస్తుంది. పరీక్ష సులువే: మూడు చిత్రాలు తీసుకుంటే, ఒకటి-రెండు, రెండు-మూడు జంటల మొత్తం, ఒకటి-మూడు జంటకు సమానం కావాలి. కాకపోతే ఆ చోట తప్పుంది.

ఇంకా అనుమానం ఉంటే, వేగంగా దిగుతోందని మ్యాపు చెప్పిన పది బిందువులు, దిగట్లేదని చెప్పిన పది బిందువులు తీసుకుని టైమ్ సిరీస్‌లు ఒక్కొక్కటిగా చూడండి. నిజమైన కుంగుబాటు రేఖ నెమ్మదిగా సాగుతుంది. ఒక్క తేదీన ఒక్కసారి 28 మి.మీ. దూకితే అది చుట్టు తప్పు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక కూడా ఏడాదికి 3 మి.మీ. లోపు వేగాన్ని "కుంగుబాటు" అని పిలవడానికి నేను ఒప్పుకోను. ఆ స్థాయిలో కొలతలోని తప్పును నిజమైన కదలిక నుంచి విడదీయడానికి నేల మీద కొలతలు కావాలి.

7. ఏటవాలు కొలతను నిలువుగా మార్చండి

ఉపగ్రహం నిట్టనిలువుగా కాక పక్కకు వంగి చూస్తుంది, సెంటినెల్ విషయంలో సుమారు 29 నుంచి 46 డిగ్రీలు. కాబట్టి అది చెప్పేది ఆ ఏటవాలు దిక్కులో కదలిక. కుంగే పళ్లెం అంచుల్లో నేల మధ్యవైపు అడ్డంగా కూడా జరుగుతుంది. ఒక్క దిక్కు చూపుతో అడ్డం, నిలువు కలిసిపోతాయి.

ఒక లెక్క చూద్దాం. ఒక బిందువు దగ్గర చూపు కోణం రెండు దిక్కుల్లోనూ 39 డిగ్రీలు, ఆరోహణలో ఏడాదికి మైనస్ 20 మి.మీ., అవరోహణలో మైనస్ 14 మి.మీ. వచ్చాయి (ఇక్కడ మైనస్ అంటే ఉపగ్రహానికి దూరంగా). రెండూ కూడి, కోణం కొసైన్‌కు రెట్టింపుతో (1.55) భాగిస్తే నిలువు కదలిక సుమారు మైనస్ 22 మి.మీ. రెండింటి తేడాను సైన్‌కు రెట్టింపుతో (1.26) భాగిస్తే తూర్పు వైపు దాదాపు 5 మి.మీ. ఆరోహణ ఒక్కటే తీసుకుని కొసైన్‌తో భాగించి ఉంటే 26 మి.మీ. కుంగింది అని రాసేవాళ్లం. ఉత్తర దక్షిణ కదలికను మాత్రం ఈ ఉపగ్రహాలు దాదాపు చూడలేవు. ఇంకో మాట: మీ సాఫ్ట్‌వేర్‌లో ప్లస్ అంటే ఉపగ్రహం వైపా, దూరంగానా అన్నది ముందే చూసుకోండి. కుంగేచోట లేస్తోందని రాసిన నివేదికను వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

8. నేల మీద కొలవండి

ఇక్కడి నుంచి రెండో ప్రశ్న మొదలవుతుంది. ఏ లోతులో?

ఉపగ్రహానికి బాగా కనిపించేవి భవనాలు. ఎత్తైన భవనాలు లోతైన పైల్స్ మీద ఉంటాయి. కాబట్టి అవి పైపొరల నలుగుడును దాచేస్తాయి. మొదట్లో చెప్పిన స్తంభం గుర్తుంది కదా. మీ మ్యాపులో ఒకే వీధిలో పెద్ద భవనాల బిందువులను, రోడ్డు, చిన్న ఇళ్ల బిందువులను విడదీసి చూడండి. పెద్దవి నిలకడగా ఉండి చిన్నవి దిగుతుంటే నలుగుతున్నది పైల్స్ మొనకు పైనున్న మట్టి. రెండూ కలిసి దిగుతుంటే అంతకన్నా లోతు పొర. పైసా ఖర్చు లేకుండా లోతు గురించి ఇంత చెప్పే పరీక్ష ఇంకోటి లేదు.

లెవెలింగ్ పాత పద్ధతే, ఇప్పటికీ దీని సాక్ష్యం బలమైనది. డిజిటల్ లెవెల్, ఇన్వార్ స్టాఫ్‌తో (వేడికి దాదాపు సాగని లోహపు కొలత కర్రతో) రానూ పోనూ కొలిస్తే కిలోమీటరుకు మిల్లీమీటరు లోపే తప్పు ఉంటుంది. తప్పు దూరం వర్గమూలంతో పెరుగుతుంది: కిలోమీటరుకు 1 మి.మీ. అయితే 25 కిలోమీటర్లకు 5 మి.మీ. దారి రాతి నేల మీద మొదలై, కుంగే ప్రాంతం మీదుగా వెళ్లి, తిరిగి మొదటిచోటికే రావాలి. వెనక చూపు, ముందు చూపు దూరాలు (పరికరం నుంచి వెనక, ముందు నిలబెట్టిన స్టాఫ్‌ల దాకా) సమానంగా ఉంచండి, లేకపోతే పరికరం వంకర మొత్తం లెక్కలోకి వస్తుంది. ఎండకు కాగిన రోడ్డుకు మరీ దగ్గరగా చూపు పోకూడదు. ఏటా ఒకే నెలలో, వీలైతే అదే బృందంతో, అవే బెంచ్‌మార్క్‌ల మీద కొలవండి. ప్రతి బెంచ్‌మార్క్ దేనికి బిగించి ఉందో (కల్వర్టా, పైల్స్ ఉన్న భవనమా, రాయా) రిజిస్టర్‌లో రాయాలి. ఆ ఒక్క వివరం రాయనందుకే ఎన్నో ఏళ్ల కొలతలు అర్థం కాకుండా పోతాయి.

జీఎన్‌ఎస్‌ఎస్ స్టేషన్ రెండు మూడు ఉన్నా చాలు, ఉపగ్రహ మ్యాపు మొత్తాన్ని ఒక స్థిరమైన చట్రానికి కట్టేస్తాయి. నిలువు కొలతలో అడ్డం కొలతకన్నా తప్పు ఎక్కువ. కనీసం రెండున్నరేళ్ల డేటా లేకుండా వేగం ప్రకటించవద్దు. ఒకటి రాతి మీద, ఒకటి కుంగే పళ్లెం మధ్యలో పెట్టండి. రాడార్‌కు ఏమీ కనిపించని బయలులో అయితే మీటరు సైజు లోహపు కార్నర్ రిఫ్లెక్టర్ బిగిస్తే అదే ఒక బిందువు అవుతుంది.

వీటన్నిటికన్నా లోతుగా చెప్పేది ఎక్స్‌టెన్సోమీటర్. బోరు వేసి, అడుగున గట్టి పొర మీద ఒక పైపు ఆనించి, నేల మట్టం దగ్గర ఆ పైపుకూ నేలకూ మధ్య తేడాను గంట గంటకూ రాయడమే దీని పని. మిల్లీమీటరులో పదో వంతు కూడా పట్టుకుంటుంది. ఒకేచోట 50, 150, 300 మీటర్లకు మూడు వేస్తే ఏ పొర ఎంత నలిగిందో కేవలం తీసివేతతో తెలుస్తుంది. ఖరీదైన పనే. అందుకే నగరమంతా కాదు, మ్యాపులో అన్నిటికన్నా వేగంగా దిగుతున్న ఒక్కచోట వేయండి. ఆ బోరు తవ్వేటప్పుడు మట్టి నమూనాలు తీసి ల్యాబ్‌కు పంపడం మర్చిపోవద్దు. మళ్లీ అంత లోతుకు వెళ్లే అవకాశం రాదు.

9. నీటిమట్టంతో కలిపి చదవండి

ఎక్స్‌టెన్సోమీటర్ పక్కనే, అదే పొరల లోతులో పీజోమీటర్లు (ఆ పొరలోని నీటి ఒత్తిడిని కొలిచేవి) ఉంటే ఒక గ్రాఫ్ గీయవచ్చు: ఒక అక్షం మీద నీటిమట్టం, ఇంకో అక్షం మీద నలుగుడు. నీటిమట్టం దిగి ఎక్కినప్పుడు రేఖ వెళ్లిన దారినే తిరిగొస్తే అది తిరిగి లేచే గుణం. ప్రతి ఏడాదీ ఆ రేఖ గీసే ఉచ్చు పక్కకు జరుగుతూ పోతుంటే శాశ్వత నష్టం. ఆ జరగడం మొదలైన నీటిమట్టమే మీ నగరానికి లక్ష్మణరేఖ. ఎక్స్‌టెన్సోమీటర్ లేకపోతే అక్కడి ఉపగ్రహ టైమ్ సిరీస్‌తోనే ఈ గ్రాఫ్ గీయండి. అంత శుభ్రంగా రాదు గానీ ఉపయోగపడుతుంది.

బావిని ఎంచుకోవడంలో జాగ్రత్త. పైపొర నీటిని చూపే చేదబావి మట్టం బాగానే ఉండొచ్చు, 200 మీటర్ల లోతు పొరలో ఒత్తిడి పాతాళానికి పోయి ఉండొచ్చు. నీరు లోపలికొచ్చే ఫిల్టర్ పైపు ఏ లోతులో ఉందో తెలియని బావి రికార్డును ఈ గ్రాఫ్‌లో వాడకండి.

పంపింగ్‌ను అదుపు చేస్తే కుంగుబాటు ఆగుతుందనడానికి టోక్యో పెద్ద ఆధారం. కోతో వార్డులో నేల మొత్తం మీద 4 మీటర్లకు పైగా దిగింది. 1956 నుంచి వచ్చిన చట్టాలతో బోర్లను కట్టడి చేశాక 1970లలో వేగం బాగా తగ్గింది. తర్వాత నీటిమట్టం ఎంత పెరిగిందంటే, భూగర్భంలోని ఉయెనో రైల్వే స్టేషన్ నీటి ఒత్తిడికి పైకి తేలిపోకుండా బరువులు, యాంకర్లు పెట్టాల్సి వచ్చింది. కాబట్టి కోలుకుంటున్న నగరంలోనూ కొలవడం ఆపకూడదు. అప్పుడు వెతకాల్సింది పైకి లేచే కదలికను.

10. ఎంత దిగింది కాదు, పక్కదానికన్నా ఎంత తేడా

ఊరంతా సమానంగా దిగితే వరద ముప్పు పెరుగుతుంది, తీర నగరానికైతే సముద్రం దగ్గరవుతుంది. జకార్తా ఉత్తర భాగంలో జరుగుతున్నది అదే. కానీ గోడలు, పైపులు, పట్టాలు పగిలేది తేడా వల్ల. అందుకే వేగం మ్యాపు నుంచి ఇంకో మ్యాపు తయారుచేయండి: పక్కపక్క బిందువుల వేగాల తేడాను వాటి మధ్య దూరంతో భాగించి, అనుకున్న ఏళ్లతో గుణించాలి. ఉదాహరణకు 50 మీటర్ల దూరంలో ఏడాదికి 5 మి.మీ. తేడా ఉంటే 20 ఏళ్లలో 100 మి.మీ., అంటే 500కి 1 వంతు వాలు. ఇంజినీర్లు పగుళ్లు రాకూడదంటే దాటవద్దని చెప్పే హద్దు దాదాపు అదే. 300కి 1 దగ్గర గోడలు పగలడం మొదలవుతుంది, 150కి 1 దగ్గర భవనం నిర్మాణానికే ముప్పు.

ఈ వాలు మ్యాపు మీద మెట్రో దారులు, గ్యాస్ పైపులు, మురుగు కాలువలు, గట్లు, పాత బడి భవనాలు వేయండి. ఎక్కడ మొదట తనిఖీ చేయాలో జాబితా దానంతట అదే వస్తుంది. తరచుగా ఆ చోట్లు పళ్లెం మధ్యలో కాక అంచుల్లో ఉంటాయి. కింద రాతిపొర హఠాత్తుగా లోతైనచోట, లేదా పాత పగులు మీద. మధ్యలో నేల ఎక్కువ దిగినా ఇళ్లు బాగానే ఉంటాయి.

11. పంచుకోవడం, ఏటా కొనసాగించడం

ఎర్ర రంగు మ్యాపు ఫోన్లలో తిరిగితే ఆ కాలనీలో అందరికీ టెన్షన్. ఇంటి ధరలు, పెళ్లిళ్లకు దాచుకున్న ఆస్తులు అన్నీ ఆ రంగుకు ముడిపడి ఉంటాయి. అందుకని ఒక్కో ఇంటి అంకెను బహిరంగంగా పెట్టకండి. వంద మీటర్ల గళ్లుగా సగటు చూపించండి. ప్రతి అంకె పక్కన తప్పు పరిమితి రాయండి. సంబంధిత ఇంజినీర్లకు మాత్రం పూర్తి డేటా, టైమ్ సిరీస్‌లతో సహా ఇవ్వండి.

నిర్వహణకు ఒక క్యాలెండర్ పెట్టుకోండి. ఉపగ్రహ టైమ్ సిరీస్ మూడు నెలలకోసారి పొడిగించాలి. నీటిమట్టాలు నెలకోసారి, లెవెలింగ్ ఏడాదికోసారి. రెండు వరుస త్రైమాసికాల్లో ఏదైనా గడి వేగం మునుపటికన్నా సగం పెరిగితే అక్కడికి మనిషిని పంపాలి, ఫోటోలు తీసిన పాత గుర్తుల దగ్గరికే, స్కేలుతో. రిఫరెన్స్ చోటును రెండేళ్లకోసారి జీఎన్‌ఎస్‌ఎస్‌తో తిరిగి పరీక్షించాలి. అది మార్చాల్సి వస్తే పాత చిత్రాలన్నింటినీ కొత్త రిఫరెన్స్‌తో మళ్లీ ప్రాసెస్ చేసి, మార్చిన తేదీని రిజిస్టర్ మొదటి పేజీలో రాయండి.